చెల్పూరు పొగ ఎవరి ఖాతాలో?

భూపాలపల్లి జిల్లా గణపురం మండలం చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రానికి రెండు యూనిట్లున్నాయి. 500 మెగావాట్లది 2010లో, 600 మెగావాట్లది 2016లో ఉత్పత్తి మొదలుపెట్టాయి. బొగ్గును దూరం నుంచి తెచ్చుకోవాల్సిన పని లేదు. సింగరేణి గనులు పక్కనే ఉన్నాయి. మల్హర్‌రావు మండలంలోని తాడిచెర్ల గని కూడా ఇదే జిల్లాలో ఉంది. ఈ కేంద్రం ఏడాదంతా తన సామర్థ్యంలో 70 శాతం మేరకు నడిచిందనుకుందాం. సుమారు 670 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుంది. దానికి దాదాపు 45 లక్షల టన్నుల బొగ్గు కాలుతుంది. చిమ్నీల్లోంచి దాదాపు 64 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది.

కాల్చిన బొగ్గు కంటే వచ్చిన వాయువు బరువు ఎక్కువెట్లా అయిందని ఎవరికైనా అనుమానం వస్తుంది. మన బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే. అసలు కార్బన్ నలభై శాతం దగ్గర ఉంటుంది. అయితే మండేటప్పుడు ప్రతి 12 కిలోల కార్బన్ గాలిలోంచి 32 కిలోల ఆక్సిజన్‌ను లాక్కుని 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. పెరిగిన బరువంతా గాలిదే. బూడిద కంటికి కనిపిస్తుంది, ఇంటి మీద పడుతుంది, గొడవకు కారణమవుతుంది. ఈ వాయువుకు రంగూ వాసనా లేవు. అందుకే దాని లెక్క ఎవరూ అడగరు.

ఇప్పుడు జనాభా దగ్గరికి వద్దాం. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను విడదీసినప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి. 2019లో ములుగు విడిపోయాక మిగిలిన భూపాలపల్లితో కలిపి చూస్తే 2011 జనగణన ప్రకారం ఈ మూడు జిల్లాల్లో 18 లక్షల లోపే జనం. చెల్పూరు ఉద్గారాలను వీళ్లందరికీ పంచితే మనిషికి మూడున్నర టన్నులు దాటుతుంది. భారతదేశంలో అన్ని రకాల ఇంధనాల వల్ల వచ్చే కార్బన్ డయాక్సైడ్ తలకు రెండు టన్నుల పైచిలుకు. ప్రపంచ సగటు ఐదు టన్నులకు కాస్త తక్కువ. అంటే ఒక్క విద్యుత్ కేంద్రం లెక్క వేస్తేనే మహబూబాబాద్ తండాలో ఉన్న కూలీ సగటు భారతీయుడి కంటే పెద్ద కాలుష్యకారుడని తేలుతుంది.

ఈ లెక్క తప్పని చెప్పడానికి శాస్త్రం చదవనక్కర్లేదు. తెలంగాణలో తలసరి విద్యుత్ వాడకం ఏడాదికి రెండు వేల యూనిట్లు దాటింది. ఈ మూడు జిల్లాల వాళ్లు కూడా రాష్ట్ర సగటు మేరకే వాడుకున్నారనుకున్నా 350 కోట్ల యూనిట్లు చాలు. చెల్పూరు ఇచ్చేది దాదాపు దానికి రెండింతలు. మిగతాది గ్రిడ్ తీగల మీద ఫ్యాక్టరీలు, ఐటీ భవనాలు, ఏసీ గదులు ఉన్నచోటికి వెళ్లిపోతుంది. తలసరి ఆదాయంలో రంగారెడ్డి జిల్లా రాష్ట్రంలోనే ముందుంది. ఆ ఆదాయం వెనకున్న పొగలో కొంత గణపురం మండలం పేరు మీద నమోదవుతోంది.

దేశాల మధ్య జరిగే వాదన కూడా ఇదే. చైనాలో తయారైన వస్తువు అమెరికాలో వాడితే ఆ పొగ ఎవరిది? ఉత్పత్తి చేసిన చోట రాయడం ఒక పద్ధతి, వాడుకున్న చోట రాయడం ఇంకో పద్ధతి. అంతర్జాతీయ ఒప్పందాల్లో నడుస్తున్నది మొదటిదే. వర్ధమాన దేశాలు ఎప్పటి నుంచో దీని మీద గొంతు చించుకుంటున్నాయి. ఢిల్లీ ఆ వాదన ప్రపంచం ముందు పెడుతుంది గానీ, అదే వాదన భూపాలపల్లి హైదరాబాద్ ముందు పెట్టదు.

నాలుగు అంకెల గుణకారం

ఆర్థికాభివృద్ధికీ కర్బన ఉద్గారాలకూ ఉన్న సంబంధాన్ని జపాన్ శాస్త్రవేత్త యోయిచి కాయా ఒక చిన్న సమీకరణంలో పెట్టాడు. మొత్తం ఉద్గారాలు నాలుగు అంశాల గుణకారం: ఎంతమంది జనం, ఒక్కొక్కరి ఆదాయం ఎంత, ఒక రూపాయి సంపాదనకు ఎంత శక్తి ఖర్చవుతోంది, ఆ శక్తిలో ఒక్కో యూనిట్‌కు ఎంత కార్బన్ వస్తోంది. ఇందులో గొప్ప సిద్ధాంతమేమీ లేదు, నాలుగూ గుణిస్తే జవాబు రావాల్సిందే. కానీ ఉద్గారాలు ఎందుకు పెరిగాయని అడిగినప్పుడు ఎక్కడ వేలు పెట్టి చూపించాలో ఇది చెబుతుంది.

మొదటి రెండు అంకెలను తగ్గించమని ఏ ప్రభుత్వమూ అడగకూడదు. ఆదాయం పెరగాలి. ఇక మిగిలినవి మూడోదీ నాలుగోదీ. భారతదేశం 2005 నుంచి 2020 మధ్య జీడీపీలో ఒక్కో రూపాయికి వెలువడే ఉద్గారాలను 36 శాతం తగ్గించుకున్నట్టు ఐక్యరాజ్యసమితికి లెక్క ఇచ్చింది. 2030 నాటికి 45 శాతం తగ్గిస్తామన్నది మన హామీ. వినడానికి బాగుంది. అయితే మొత్తం ఉద్గారాలు తగ్గలేదు. 2005లో 120 కోట్ల టన్నుల చుట్టూ ఉన్న కార్బన్ డయాక్సైడ్ 2023 నాటికి 300 కోట్ల టన్నులకు చేరింది. ఆదాయం వేగంగా పెరిగింది, పొగ కాస్త నెమ్మదిగా పెరిగింది, అంతే. బ్రిటన్‌లాంటి దేశాల్లో 1990 తర్వాత ఆదాయం పెరుగుతుండగానే పొగ దాదాపు సగానికి పడిపోయింది. అక్కడి చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2024 సెప్టెంబరు 30న మూతపడింది. బొగ్గుతో రెండు శతాబ్దాలు బాగుపడ్డాక అన్నమాట.

దేశం బాగుపడేకొద్దీ మొదట కాలుష్యం పెరిగి, ఒక స్థాయి దాటాక దానంతటదే తగ్గుతుందన్న ఊహ ఒకటుంది. గ్రాస్‌మన్, క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1990ల్లో దీన్ని ముందుకు తెచ్చారు. ఆదాయ అసమానతల మీద సైమన్ కుజ్నెట్స్ 1955లో చెప్పిన మాటకు దగ్గరగా ఉండటం వల్ల దీనికి పర్యావరణ కుజ్నెట్స్ వక్రరేఖ అని పేరొచ్చింది. గీస్తే బోర్లించిన గిన్నెలా ఉంటుంది. గంధకపు పొగ, మురికి నీళ్ల విషయంలో ఈ గీత కొన్నిచోట్ల నిజమైంది. కార్బన్ డయాక్సైడ్ విషయంలో మాత్రం నమ్మకంగా నిలబడలేదు. కారణం సులువే. బూడిద పడితే ఊరు రోడ్డెక్కుతుంది, పత్రికలో ఫొటో వస్తుంది, అధికారులు దిగుతారు. డబ్బున్న సమాజం అలాంటి కాలుష్యాన్ని ఖర్చు పెట్టి వదిలించుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ ఏ పొరుగూరినీ ప్రత్యేకంగా బాధించదు. నష్టం భూగోళమంతా పంచుకుంటుంది కాబట్టి ఊరికి కోపం రాదు. గిన్నె రెండో అంచు దానంతటదే కిందికి దిగుతుందని కూర్చుంటే కుదరదు.

పరిశోధకుల ఇంకో తగువు కూడా చెప్పుకోవాలి. శక్తి వాడకం పెరిగితే ఆదాయం పెరుగుతుందా, ఆదాయం పెరిగాక శక్తి వాడకం పెరుగుతుందా? 1978లో క్రాఫ్ట్, క్రాఫ్ట్ అనే ఇద్దరు అమెరికా గణాంకాలు తీసుకుని, ఆదాయమే ముందు నడుస్తోందని తేల్చారు. ఆ తర్వాత వర్ధమాన దేశాల మీద వందల వ్యాసాలొచ్చాయి. ఒక దేశంలో ఇటు, ఇంకో దేశంలో అటు, మరోచోట రెండువైపులా అని తేలింది. నా మటుకు ఈ వ్యాసాల మీద పెద్ద నమ్మకం లేదు. దేశం మొత్తాన్ని ఒక్క అంకె చేస్తే అసలు విషయం మాయమవుతుంది. ఏ పనికి వాడిన కరెంటో చూడకుండా జవాబు దొరకదు. 2012-13లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ప్రకటించిన రోజులు గుర్తున్నవాళ్లకు, కరెంటు లేకపోతే ఆదాయం ఎట్లా ఆగిపోతుందో చెప్పక్కర్లేదు. అట్లాగని పెరిగిన ప్రతి యూనిట్టూ ఆదాయం తెస్తుందా? జనగామ వెళ్లి చూడాలి.

జనగామ ఎత్తు

జనగామ గోదావరి నుంచి దూరం, దాని కంటే ఎత్తు. పట్టణం సముద్రమట్టానికి 380 మీటర్ల ఎత్తున ఉంది. ఏటూరునాగారం దగ్గర గంగారం వద్ద గోదావరిలోంచి దేవాదుల ఎత్తిపోతల నీళ్లు తోడే చోటు 71 మీటర్ల ఎత్తున ఉంది. మధ్య తేడా మూడు వందల మీటర్లకు పైనే. జనగామది కరువు నేల, కింద గ్రానైట్ రాయి. నీళ్లు కావాలన్న కోరిక న్యాయమైనదే. ఆ కోరికకు అయ్యే కరెంటు లెక్క మాత్రం మన రాజకీయ సభల్లో వినిపించదు.

చేతనైనంత సులువుగా వేద్దాం. టన్ను నీటిని వంద మీటర్లు ఎత్తడానికి భౌతికశాస్త్రం ప్రకారం పావు యూనిట్ కంటే కాస్త ఎక్కువ కావాలి. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల టన్నుల నీరు. గుణిస్తే 77 లక్షల యూనిట్లు. పంపు, మోటరు నూటికి నూరు శాతం పనిచేయవు, ఎనభై శాతం పనిచేశాయనుకుంటే దాదాపు కోటి యూనిట్లు. గుర్తుపెట్టుకోవడానికి వీలైన అంకె ఇది: టీఎంసీ, వంద మీటర్లు, కోటి యూనిట్లు. మూడు వందల మీటర్లు ఎత్తాలంటే మూడు కోట్లు.

ఆ టీఎంసీతో యాసంగిలో వరి వేస్తే ఏడు వేల ఎకరాలు పారుతుందనుకుందాం. ఎకరాకు నాలుగు వేల యూనిట్లు దాటింది. యూనిట్‌కు ఆరు రూపాయలు వేసుకున్నా పాతిక వేల రూపాయల పైమాట. ఎకరాకు 25 క్వింటాళ్లు పండి, 2024-25 మద్దతు ధర 2,300 చొప్పున అమ్మితే వచ్చేది 57,500. పంట విలువలో నలభై శాతానికి పైగా నీళ్లు ఎక్కించడానికే పోయింది. విత్తనం, ఎరువు, దున్నకం, కోత ఇంకా లెక్కలోకి రాలేదు. రైతు జేబులోంచి పోలేదు కాబట్టి రైతుకు తెలియదు, ప్రభుత్వ ఖజానాకు తెలుసు. గ్రిడ్‌లో సగటున యూనిట్‌కు 0.7 కిలోల పైన కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కాబట్టి ఎకరాకు మూడు టన్నులు. ఎప్పుడూ నీళ్లు నిలిచే పొలంలో మట్టిలోని సూక్ష్మజీవులు మీథేన్ వాయువు తయారుచేస్తాయి. అది ఎకరాకు సుమారు టన్ను కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అన్నీ కలిపి నాలుగు టన్నులు, ఒక్క పంటకు, ఒక్క ఎకరాకు. సగటు భారతీయుడు రెండేళ్లలో వదిలేదానితో ఇంచుమించు సమానం.

ఎత్తిన నీరంతా వరికే పోదని, చెరువులు నింపుతుందని, తాగునీరవుతుందని, భూగర్భజలం పెంచుతుందని ఎదురు చెప్పొచ్చు. నిజమే. అయితే చెరువులోంచి ఇంకి బోరులోకి చేరిన నీటిని రైతు మళ్లీ మోటరు పెట్టి తోడుతాడు. ఆ నీరు రెండోసారి ఎత్తుకు ఎక్కుతుంది, రెండోసారి బొగ్గు కాలుతుంది. ఊరి మెకానిక్ రెండు మూడుసార్లు వైండింగ్ చేసిన మోటరుకు పెద్ద ఎత్తిపోతల పంపుకున్నంత పనితనం ఉండదు. ఇచ్చిన కరెంటులో నలభై శాతం నీటిని ఎత్తితే గొప్ప, మిగతాది వేడిగా పోతుంది.

ఈ కథకు 2004 మే 14 ఒక మలుపు. ఆ రోజు వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైంది. అర్ధరాత్రి కరెంటు కోసం పాములు తిరిగే చేను గట్ల మీద నడిచిన రైతుకు ఇది నిజంగా మేలు. దాన్ని తక్కువ చేసేవాళ్లు ఆ గట్ల మీద నడిచినవాళ్లు కారు. కానీ మోటరుకు మీటరు లేదు. రాష్ట్రంలో కరెంటు మూడో వంతు అటూఇటూ వ్యవసాయానికి పోతోందంటారు. అదీ కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర కొలిచి వేసిన అంచనానే. ఆటో స్టార్టర్లు తీసేయండని ఊరూరా ప్రచారం చేయాల్సి వచ్చిందంటే, అవసరం లేనప్పుడు కూడా మోటర్లు నడిచేవన్నట్టే కదా.

2014లో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గరిష్ఠ విద్యుత్ డిమాండ్ ఆరు వేల మెగావాట్ల లోపు. 2025 మార్చిలో 17 వేలు దాటింది. అదే కాలంలో రాష్ట్ర స్థూల ఉత్పత్తి 5 లక్షల కోట్ల నుంచి 16 లక్షల కోట్ల రూపాయలకు చేరింది. రెండూ మూడింతలే కదా, జోడెడ్లలాగా కలిసి నడిచాయని ప్రసంగాల్లో చెబుతుంటారు. ఇందులో ఒక తిరకాసు ఉంది. రూపాయల లెక్కలో ధరల పెరుగుదల దాక్కుని ఉంది. అది తీసేస్తే నిజమైన ఆదాయం పెరిగింది రెండింతల చుట్టుపక్కలే. మెగావాట్లకు ద్రవ్యోల్బణం ఉండదు. అంటే గరిష్ఠ డిమాండ్ ఆదాయాన్ని దాటి పరుగెత్తింది. ఆ శిఖరం వచ్చే నెల కూడా చూడండి. మే ఎండలకు కాదు, మార్చిలో, యాసంగి వరి పొట్టకొచ్చే రోజుల్లో. ఏసీలు అప్పటికి పూర్తిగా మోగడం మొదలుపెట్టవు. మోటర్లు మోగుతుంటాయి.

కాళేశ్వరం గురించి పేజీలు రాయొచ్చు, ఇక్కడ ఒక్క అంకె చాలు. మేడిగడ్డ బ్యారేజీ, కన్నెపల్లి పంపుహౌస్ భూపాలపల్లి జిల్లాలోనివే. పూర్తి స్థాయిలో నడిస్తే ప్రాజెక్టుకు ఏడాదికి 1,400 కోట్ల యూనిట్లకు పైగా కావాలని కాగ్ లెక్క వేసింది. చెల్పూరు లాంటి కేంద్రాలు రెండు దానికే చాలవు. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి, అక్కడి ఎత్తిపోత ఆగింది.

నీటికి కరెంటే దిక్కు అని ఈ నేలలో ఎవరైనా అంటే నాకు ఆశ్చర్యమేస్తుంది. చెల్పూరు ఉన్న గణపురంలోనే కాకతీయుల నాటి గణపసముద్రం ఉంది. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన చెరువు ఉంది. ఇవి వాలును నమ్ముకున్న చెరువులు, ఒక్క యూనిట్ అడగవు. 2015లో మిషన్ కాకతీయ పేరుతో పూడిక తీసినప్పుడు పెరిగిన ఆయకట్టుకు కార్బన్ ఖాతా దాదాపు లేదనే చెప్పాలి. కాయా సమీకరణంలో మూడో అంకెను తగ్గించడమంటే ఇదే. కొత్త యంత్రాలు కనిపెట్టాల్సిన అవసరం కూడా లేదు.

బయ్యారం ఇనుము

మహబూబాబాద్‌ది ఇంకో రకం సమస్య. అక్కడ తక్కువైంది ఆదాయం. బయ్యారం, గార్ల చుట్టూ ఇనుప ఖనిజం ఉంది. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలోని పదమూడో షెడ్యూలు, ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమో కాదో ఆరు నెలల్లో చూడమని సెయిల్‌కు చెప్పింది. అప్పట్లో బయ్యారం ఖమ్మంలో ఉండేది. ఆరు నెలలు ఏళ్లయ్యాయి. ఖనిజం నాణ్యత చాలదంటూ కేంద్రం చేతులెత్తేసింది.

కర్మాగారం వస్తే ఉద్గారాల లెక్క ఎట్లుంటుంది? ఇనుప ఖనిజమంటే ఇనుము ఆక్సిజన్‌ను పట్టుకుని ఉన్న రాయి. ఆ ఆక్సిజన్‌ను విడిపించడానికి బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ వేస్తారు. కార్బన్ వెళ్లి ఆక్సిజన్‌ను లాక్కొస్తుంది, ఇనుము మిగులుతుంది, కార్బన్ డయాక్సైడ్ పొగగొట్టం ఎక్కుతుంది. అంటే ఇక్కడ కార్బన్ కేవలం వేడి కోసం కాలడం లేదు, రసాయన క్రియలో అదే కూలీ. కరెంటు మొత్తం సోలార్ అయినా ఈ పొగ ఆగదు. టన్ను ఉక్కుకు ప్రపంచ సగటు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్, మన దేశంలో రెండున్నర దాకా. పది లక్షల టన్నుల చిన్న కర్మాగారం పెట్టినా ఏడాదికి 20 నుంచి 25 లక్షల టన్నులు, చెల్పూరులో మూడో వంతు. కార్బన్ బదులు హైడ్రోజన్‌తో ఆక్సిజన్‌ను విడిపిస్తే నీటి ఆవిరి తప్ప ఇంకేమీ రాదు. స్వీడన్‌లోని లులియోలో 2020లో ప్రయోగాత్మక ప్లాంటు మొదలై, ఇనుము తీసి చూపించింది. ఖర్చు ఇంకా ఎక్కువే.

అయినా, పొగ వస్తుంది కాబట్టి బయ్యారానికి కర్మాగారం వద్దని నేను అనలేను. హైదరాబాద్ మెట్రో స్తంభాల్లో వాడిన ఉక్కుకు కూడా ఎక్కడో పొగ వచ్చింది. అక్కడెవరూ వద్దనలేదు. ఆలస్యంగా వచ్చే కర్మాగారం పాత పద్ధతిలో రావాలా, కొత్త పద్ధతిలో రావాలా అన్నదే మిగిలిన ప్రశ్న. ఆలస్యంలో ఉన్న ఒకే ఒక్క లాభం అది.

శక్తి వాడకం పెరిగితే నష్టమే అనే సూత్రం కూడా ఈ జిల్లాలో నిలబడదు. తండాల్లో కట్టెల పొయ్యి మీద వంట చేస్తే కట్టెలోని వేడిలో పది, పదిహేను శాతమే కుండకు అందుతుంది. గ్యాస్ పొయ్యి మీద సగానికి పైగా అందుతుంది. 2016లో ఉజ్వల పథకం వచ్చాక సిలిండర్ అందిన ఇంట్లో శిలాజ ఇంధనం వాడకం పెరిగింది, గణాంకంలో అది ‘ఉద్గారం’. ఆడవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయే పొగ తగ్గింది, అడవి మీద భారం తగ్గింది. ఆ గణాంకాన్ని చూసి ఎవరైనా బాధపడితే వాళ్ల ఇంట్లో కట్టెల పొయ్యి పెట్టుకుని చూడాలి. గణాంకానికి అందని శక్తి కూడా ఉంది. మార్చి వచ్చేసరికి ఇదే జిల్లాలో కల్లాల్లో మిర్చి ఎర్రగా పరుస్తారు. టన్నుల కొద్దీ నీటిని ఎండ ఆవిరి చేసి పంపుతుంది. ఆ శక్తి ఏ లెక్కలోనూ రాదు.

బాయి, ప్యానెల్

ఇక బొగ్గు మానేస్తే బొగ్గు మనుషుల సంగతేంటి? 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించాడు, 1889లో తవ్వకం మొదలైంది. అదే ఏడాది రైలు మార్గం జనగామ, కాజీపేట, మహబూబాబాద్, డోర్నకల్ మీదుగా బెజవాడ చేరింది. డోర్నకల్ జంక్షన్ పుట్టిందే బొగ్గు వైపు తిరిగే దారి కోసం. ఈ ప్రాంతపు పట్టణాలకు జీవం పోసింది బొగ్గే, ఆ మాట దాచిపెట్టి వాతావరణ మార్పు గురించి మాట్లాడటం మర్యాద కాదు.

అయితే బొగ్గు బాయిల్లో పనులు తగ్గింది సౌరశక్తి వల్ల కాదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవాళ్లు. ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. ఉత్పత్తి మాత్రం మూడు రెట్లకు పైగా పెరిగి, 2023-24లో ఏడు కోట్ల టన్నులు తాకింది. భూగర్భ గనుల నుంచి ఓపెన్‌కాస్ట్‌కు, మనుషుల నుంచి డంపర్లకు మారడమే కారణం. కొడుక్కి బాయిలో కొలువు రాలేదని బాధపడే తండ్రి ఆ కొలువు ఎవరు తీసుకున్నారో చూసుకోవాలి. సోలార్ ప్యానెల్ కాదు, డంపరు.

సింగరేణి సొంతంగా సౌర కేంద్రాలు పెట్టుకుంటోంది, భూపాలపల్లిలో 10 మెగావాట్లది ఉంది. మెచ్చుకోవాల్సిందే. కానీ మెగావాట్లను మెగావాట్లతో పోల్చకూడదు. సూర్యుడు రోజంతా ఉండడు, మబ్బు పడుతుంది. 10 మెగావాట్ల సౌర కేంద్రం ఏడాదంతా ఇచ్చేది కోటిన్నర యూనిట్ల పైచిలుకు. చెల్పూరు పూర్తి శక్తితో నడిస్తే పద్నాలుగు, పదిహేను గంటల్లో అంత ఇస్తుంది. 2025 జులైలో దేశంలోని విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కాని వనరులదేనని ప్రకటించి చప్పట్లు కొట్టుకున్నాం. సామర్థ్యంలో సగం, ఉత్పత్తిలో కాదు. ఉత్పత్తిలో డెబ్బై శాతం దాకా ఇంకా బొగ్గుదే. దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రం కట్టుకుంటూనే వచ్చాం. అది పాత యూనిట్ల కంటే కాస్త తక్కువ బొగ్గు తింటుంది గానీ, కట్టిన కేంద్రాన్ని ముప్పై ఏళ్లయినా నడపాల్సిందే.

సూర్యుడికీ వ్యవసాయానికీ మాత్రం ఒక పొత్తు కుదురుతుంది. ఫ్యాక్టరీకి రాత్రి కూడా కరెంటు కావాలి, ఇంటికి సాయంత్రం కావాలి. పొలానికి పగలు నీళ్లు పారితే చాలు. మేడిగడ్డ దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్ర సిరోంచ. ఆ రాష్ట్రం 2017 నుంచి వ్యవసాయ ఫీడర్లకు సబ్‌స్టేషన్ల దగ్గరే సౌర కేంద్రాలు కట్టి పగటి కరెంటు ఇచ్చే పథకం నడుపుతోంది. తెలంగాణ 2025 మేలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టింది. అటవీ హక్కుల పట్టాలున్న గిరిజన రైతులకు సోలార్ పంపుసెట్లు ఇవ్వడం దాని ఉద్దేశం, మహబూబాబాద్, భూపాలపల్లి పోడు భూములకు సరిపోయే ఆలోచన. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. బొగ్గు ఆదా అయ్యే యంత్రాలొస్తే బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుందని ఆర్థికవేత్త జెవన్స్ 1865లోనే బ్రిటన్‌కు చెప్పాడు. ఎండతో నడిచే మోటరుకు బిల్లు లేదు, బొగ్గు లేదు, ఆపడానికి కారణం కూడా లేదు. గ్రానైట్ పగుళ్లలో ఉన్న కాసిని నీళ్లను కర్బన రహితంగా తోడేసుకోవడం కూడా సాధ్యమే. అందుకే పంపు ఇచ్చేటప్పుడు పంటను మార్చే సంగతి కూడా మాట్లాడాలి. యాసంగిలో వరికి పోసే నీటిలో మూడో వంతుతో ఆరుతడి పంట పండుతుంది. మద్దతు ధరకు కొనే నాథుడు లేకపోతే మాత్రం ఆ పంట వేయమని రైతుకు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

ఈ మూడు జిల్లాలకు కరెంటు ఇచ్చేది ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం). చార్జీల ప్రతిపాదనల మీద విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరుపుతుంది, ఎవరైనా అభ్యంతరం రాసి ఇవ్వొచ్చు, వెళ్లి మాట్లాడొచ్చు. ఈసారి వెళ్లి రెండు ప్రశ్నలడగండి. మా మండలంలో వ్యవసాయ ఫీడర్ల మీద ఈ ఏడాది ఎన్ని యూనిట్లు పోయాయో అంచనా కాకుండా మీటరు రీడింగ్ చెప్పండి. ఎత్తిపోతల నీళ్లు మా ఎకరానికి చేరేసరికి ఎన్ని యూనిట్లయ్యాయో చెప్పండి.

ఈ రెండు అంకెలూ ఊరి పంచాయతీ గోడ మీద రాయించగలిగితే, ఉచిత విద్యుత్ ఎవరూ తీసేయకుండానే సగం వృథా ఆగుతుందని నా నమ్మకం.